ఒకచోట ఎక్స్‌పైరీ, ఇంకోచోట కొరత: రక్తాన్ని పంచే లెక్కలు

ఒక ఆసుపత్రి ఫ్రిజ్‌లో గడువు దాటిపోయిన ఏబీ నెగెటివ్ యూనిట్‌ని తీసి పారేస్తుంటారు. సరిగ్గా అదే రోజు, గంట ప్రయాణం దూరంలో ఉన్న ఇంకో ఆసుపత్రిలో అదే గ్రూపు కోసం రోగి బంధువులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. ధనిక దేశం, పేద దేశం అని తేడా లేదు, రక్తం నిల్వ చేసే ప్రతిచోటా ఇది జరుగుతుంది. వినగానే ఎవరైనా ‘దాతలు చాలట్లేదు’ అంటారు. అది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 11.85 కోట్ల రక్తదానాలు జరుగుతుంటే వాటిలో 40 శాతం అధికాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి, అక్కడ ఉన్నదేమో ప్రపంచ జనాభాలో 16 శాతం మంది. కానీ పైన చెప్పిన రెండు ఆసుపత్రుల సంగతి దాతల సమస్య కాదు. దాత వచ్చాడు, సూది గుచ్చించుకున్నాడు, రక్తం ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత మనం చేయాల్సిన పనే సరిగ్గా చేయలేదు. ఎంత సేకరించాలి, ఎక్కడ ఉంచాలి, ఎవరికి ముందు ఇవ్వాలి, ఎప్పుడు అక్కడి నుంచి తీసి ఇంకోచోటికి పంపాలి అన్న నిర్ణయాల్లో ఎక్కడో తేడా కొట్టింది. కంప్యూటర్ అల్గారిదమ్‌లు పనికొచ్చేది ఈ నిర్ణయాల దగ్గరే.

రక్తం మొత్తం ఒకే సరుకు అనుకుంటే ఈ లెక్క ఎప్పటికీ అర్థం కాదు. దాత ఇచ్చిన సంచిని ల్యాబ్‌లో విడదీస్తే వచ్చే మూడింటికీ మూడు రకాల ఆయుష్షు. ఎర్ర రక్తకణాలు 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, వాటిని కాపాడే ద్రావణం కలిపితే, 42 రోజులు ఉంటాయి. ప్లాస్మాని గడ్డకట్టిస్తే ఏడాది దాకా భయం లేదు. ప్లేట్‌లెట్లతోనే అసలు టెన్షన్. వాటిని ఫ్రిజ్‌లో కాకుండా 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊపే యంత్రం మీద ఉంచాలి, అంత చేసినా 5 రోజులే. బ్యాక్టీరియా కోసం అదనపు పరీక్షలు చేసేచోట 7 రోజుల దాకా వాడనిస్తారు. ఆ 5 రోజుల్లో కూడా ఇన్ఫెక్షన్ టెస్టులకీ, రవాణాకీ ఒకటి రెండు రోజులు పోతాయి, కాబట్టి ఆసుపత్రి చేతికి వచ్చేసరికి మిగిలేది సుమారు మూడు రోజులు. శుక్రవారం వచ్చిన ప్లేట్‌లెట్లు శని, ఆదివారాల్లో ఆపరేషన్లు లేక సోమవారానికి చెత్తబుట్టలో పడితే ఆశ్చర్యమేముంది?

నష్టం రెండు వైపులా ఉంటుంది. ఎక్కువ తెప్పిస్తే పాడవుతుంది, తక్కువ తెప్పిస్తే రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలని గణితంతో తేల్చే శాస్త్రం) వాళ్లు దీన్ని పేపర్ అమ్మేవాడి సమస్య అంటారు. సాయంత్రానికి మిగిలిపోయిన పేపర్ చిత్తుకాగితం, చాలకపోతే కస్టమర్ పోయాడు, మరి పొద్దున ఎన్ని కాపీలు తెచ్చుకోవాలి? దీనికి చిన్న సూత్రం ఉంది. ఒక యూనిట్ తక్కువైతే కలిగే నష్టం, ఒక యూనిట్ మిగిలితే కలిగే నష్టానికి 9 రెట్లు అనుకుంటే, 100 రోజుల్లో 90 రోజులు అవసరానికి సరిపోయేంత నిల్వ పెట్టుకోవాలి. 99 రెట్లు అనుకుంటే 99 రోజులు సరిపోయేంత. రక్తం విషయంలో కొరత వల్ల వచ్చే నష్టం చాలా పెద్దది, కాబట్టి నిల్వ ఎప్పుడూ సగటు వాడకం కంటే బాగా పైనే ఉండాలి, అలా ఉంచినప్పుడు కొంత పాడవడం ఖాయం. ఈ సూత్రం నుంచి తేలే ఒక మాటని చాలామంది అధికారులు ఒప్పుకోరు గానీ నేను గట్టిగానే చెప్తాను: ‘వృథా సున్నా’ అనే టార్గెట్ పెట్టడం తప్పు. ఒక్క ప్లేట్‌లెట్ సంచి కూడా పారేయని ఆసుపత్రిని చూసి మెచ్చుకునే ముందు, అక్కడ ఎంతమంది రోగులు ప్లేట్‌లెట్ల కోసం ఎదురుచూశారో, ఎన్ని ఆపరేషన్లు వాయిదా పడ్డాయో అడగాలి.

సూత్రం ఇంత చిన్నదైతే పెద్ద కంప్యూటర్లు ఎందుకంటారా? పేపర్‌కి ఒకటే వయసు, రక్తానికి అలా కాదు. షెల్ఫ్ మీద 12 యూనిట్లు ఉన్నాయంటే సరిపోదు, వాటిలో రేపు పోయేవి ఎన్ని, ఎల్లుండి పోయేవి ఎన్ని, నిన్న వచ్చినవి ఎన్ని అని తెలియాలి. ప్లేట్‌లెట్లనే తీసుకుందాం. ఐదు వయసులు, ఒక్కో వయసువి 0 నుంచి 20 దాకా ఎన్నైనా ఉండొచ్చు అనుకుంటే, ఒక్క గ్రూపుకే 40,84,101 రకాల పరిస్థితులు వస్తాయి. ప్రతి పరిస్థితికీ ఈ రోజు ఎన్ని ఆర్డర్ పెట్టాలో లెక్క కట్టాలి. ఇక ఎనిమిది గ్రూపులూ కలిపి, ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 53 అంకెలకి చేరుతుంది. ఏ కంప్యూటరూ అన్నింటినీ ఒక్కొక్కటిగా తిరగేయలేదు. అందుకని పరిశోధకులు ఒక దారి పట్టారు. సమస్యని చిన్నది చేసి దానికి కచ్చితమైన జవాబు కనుక్కుంటారు, ఆ జవాబుల్లో కనపడే సరళిని పట్టుకుని ‘సోమవారం అయితే ఇంతదాకా నింపు, శుక్రవారం అయితే అంతదాకా నింపు, తాజావి ఇన్నింటికి తగ్గనివ్వకు’ లాంటి మామూలు నియమంగా మారుస్తారు, తర్వాత ఆ నియమాన్ని కంప్యూటర్‌లో వేల రోజులపాటు ఉత్తుత్తి డిమాండ్ మీద నడిపి చూస్తారు. నెదర్లాండ్స్‌లో ప్లేట్‌లెట్ల తయారీని ఇలాగే అధ్యయనం చేశారు. చివరికి టెక్నీషియన్ చేతికి వచ్చేది గోడకి అంటించుకోగలిగేంత చిన్న పట్టిక. కష్టమంతా ఆ పట్టికలో ఏ అంకె రాయాలో తేల్చడంలోనే ఉంటుంది.

ఇదంతా ఒక్క ఆసుపత్రి లోపలి లెక్క. నన్ను అడిగితే అసలు లాభం ఆసుపత్రుల మధ్యే ఉంది. మొదట్లో చెప్పిన ఏబీ నెగెటివ్‌నే అంకెల్లో పెట్టి చూద్దాం. ఒక చిన్న ఆసుపత్రికి ఆ గ్రూపు సగటున రెండు నెలలకి ఒక యూనిట్ కావాలి. లేకుండా ఉండలేరు కాబట్టి ఎప్పుడూ ఒకటి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. దాని ఆయుష్షు 42 రోజులు. ఆ 42 రోజుల్లో ఎవరికీ అవసరం పడకపోయే సంభావ్యత ఎంతంటే దాదాపు 50 శాతం. అంటే వాళ్లు తెప్పించుకున్న ఏబీ నెగెటివ్‌లో సగం, ఎవరి తప్పూ లేకుండానే, చెత్తలోకి పోతుంది. ఇప్పుడు ఒక్క నియమం మారుద్దాం: 20 రోజులైనా వాడకపోతే ఆ యూనిట్‌ని నాలుగు రోజులకి ఒకటి వాడే పెద్ద ఆసుపత్రికి పంపేయాలి, బదులుగా తాజాది తెచ్చుకోవాలి. పెద్ద ఆసుపత్రిలో మిగిలిన 22 రోజుల్లో అది వాడకుండా మిగిలిపోయే అవకాశం వెయ్యిలో 4. రెండూ కలిపి చూస్తే, సగం పాడయ్యేది కాస్తా వెయ్యికి 3 యూనిట్లకి పడిపోతుంది. కొత్త దాత ఒక్కరు కూడా అక్కర్లేదు, చిన్న ఆసుపత్రి ఫ్రిజ్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో 1970ల చివరలోనే ఎరిక్ బ్రాడ్‌హైమ్, గ్రెగరీ ప్రాస్టకోస్ అనే పరిశోధకులు ఒక ప్రాంతంలోని ఆసుపత్రులన్నింటినీ కలిపి ఇలాంటి వ్యవస్థని నిలబెట్టారు. రక్త కేంద్రం ముందే వేసుకున్న షెడ్యూల్ ప్రకారం ఆసుపత్రులకి యూనిట్లు పంపుతుంది, కొన్ని ‘ఉంచేసుకోండి’ అని, కొన్ని ‘వాడకపోతే వెనక్కి ఇచ్చేయండి, ఇంకొకరికి పంపుతాం’ అని. ఎవరికి ఏవి ఎన్ని అనేది గణిత నమూనా చెప్తుంది. 1980లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం వృథా 80 శాతం తగ్గింది, డెలివరీ ఖర్చు 64 శాతం తగ్గింది. మన ఫోన్లలో ఉన్న శక్తిలో రవ్వంత కూడా లేని కంప్యూటర్ల మీద అది సాధించారు! అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నో చోట్ల ప్రతి ఆసుపత్రీ తన ఫ్రిజ్ తనది అన్నట్టే ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. టెక్నాలజీ లేక ఆగిపోలేదు, ఒకరి నిల్వ ఇంకొకరికి చూపించడానికి ఇష్టపడక ఆగింది.

కలిపి ఉంచడం వల్ల లాభం ఎందుకు వస్తుందో చూడాలంటే నాలుగు ఆసుపత్రులని ఊహించుకోండి. ఒక్కోదానికి వారానికి సగటున 10 యూనిట్లు కావాలి, సగటు నుంచి అటూ ఇటూగా ఊగే తేడా (ప్రామాణిక విచలనం) 3 యూనిట్లు. నూటికి 97, 98 వారాలు సరిపోవాలంటే ఒక్కొక్కరూ 16 పెట్టుకోవాలి, మొత్తం 64. అదే నాలుగింటికీ ఒకే నిల్వ ఉంటే, ఒకచోట పెరిగినప్పుడు ఇంకోచోట తగ్గుతుంది కాబట్టి మొత్తం విచలనం 12 కాదు, 6 మాత్రమే. 52 యూనిట్లతోనే అదే భరోసా. కాకపోతే దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి, ఆసుపత్రుల అవసరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరగాలి, తగ్గాలి. భూకంపమో, రైలు ప్రమాదమో జరిగి అందరికీ ఒకేసారి కావాల్సి వస్తే ఈ లెక్క పనిచేయదు. రెండోది, ఆ కేంద్ర నిల్వ నుంచి సమయానికి చేరాలి. నిల్వ తగ్గించుకోవాలంటే వేగం కావాలి.

ఈ రెండో షరతుకి రువాండా మంచి ఉదాహరణ. కొండలు, వంకర దారులు ఉన్న ఆ దేశంలో 2016 అక్టోబరులో జిప్‌లైన్ అనే సంస్థ డ్రోన్లతో ఆసుపత్రులకి రక్తం పంపడం మొదలుపెట్టింది. 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం రోడ్డు మార్గంతో పోలిస్తే సగటున 79 నుంచి 98 నిమిషాలు ముందుగా రక్తం అందింది. అందరూ ఈ వేగం గురించే మాట్లాడతారు గానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, నాకు అదే ముఖ్యం: గడువు దాటి పాడయ్యే యూనిట్లు 67 శాతం తగ్గాయి. అడిగిన గంటలో వస్తుందన్న నమ్మకం ఉంటే ఎవరూ ‘ఎందుకైనా మంచిది’ అని పది యూనిట్లు దాచిపెట్టుకోరు.

దాచిపెట్టుకోవడం అంటే గుర్తొచ్చింది, ప్రతి బ్లడ్ బ్యాంక్‌లోనూ లెక్కకి కనపడుతూ చేతికి అందని నిల్వ ఒకటి ఉంటుంది. సర్జన్ రేపటి ఆపరేషన్‌కి నాలుగు యూనిట్లు క్రాస్‌మ్యాచ్ (రోగి రక్తంతో సరిపోతుందో లేదో చూసే పరీక్ష) చేసి పెట్టమంటాడు. ఆ నాలుగూ ఆ రోగి పేరు మీద పక్కకి పోతాయి. ఆపరేషన్‌లో ఒక్కటి వాడతారు, లేదా అసలు వాడరు, రెండు మూడు రోజుల తర్వాత మిగిలినవి మళ్లీ షెల్ఫ్ మీదికి వస్తాయి, ఆ రెండు మూడు రోజుల వయసు పెరిగి. మర్నాడు ఇంకో రోగి పేరు మీద మళ్లీ పక్కకి. ఇలా రెండు మూడుసార్లు తిరిగితే ఎవరికీ ఎక్కించకుండానే యూనిట్ జీవితం అయిపోతుంది. క్రాస్‌మ్యాచ్ చేసినవి ఎన్ని, నిజంగా ఎక్కించినవి ఎన్ని అనే నిష్పత్తి 2 లోపు ఉంటే పర్వాలేదంటారు, అంతకు మించితే రిజర్వేషన్ పద్ధతిని చూసుకోవాల్సిందే. ఏ ఆపరేషన్‌కి మామూలుగా ఎంత రక్తం పడుతుందో పాత రికార్డుల నుంచి పట్టిక తయారు చేసుకోవడం, యాంటీబాడీ సమస్యలు లేని రోగులకి కంప్యూటర్ క్రాస్‌మ్యాచ్ (రక్తాలు కలిపి చూడకుండా రికార్డుల్లోని గ్రూపులని సరిపోల్చడం) వాడి అప్పటికప్పుడు కొన్ని నిమిషాల్లో ఇష్యూ చేయడం, రిజర్వ్ చేసిన గడువుని మూడు రోజుల నుంచి ఒక రోజుకి దించడం, వీటిలో గొప్ప గణితం ఏమీ లేదు, కానీ ఇవి చేయకుండా పైన ఎంత గొప్ప అల్గారిదమ్ పెట్టినా అది తప్పుడు నిల్వ చూసి తప్పుడు ఆర్డర్ పెడుతుంది.

ఏది ముందు ఇవ్వాలన్నది కూడా చాలా ఏళ్లు తేలని గొడవే. గణితం ‘పాతది ముందు ఇవ్వు’ అంటుంది. డాక్టర్లు, ముఖ్యంగా ఐసీయూల్లో, ‘మా రోగికి తాజాది కావాలి’ అనేవాళ్లు. అందరూ తాజాది తీసుకుంటే వెనక ఉన్నవన్నీ ఎక్స్‌పైర్ అవుతాయి. దీన్ని తేల్చడానికి పెద్ద క్లినికల్ ట్రయల్స్ జరిగాయి. 2015లో ఏబుల్, 2016లో ఇన్‌ఫార్మ్, 2019లో పిల్లల ఐసీయూల మీద ఏబీసీ పీఐసీయూ. అనుమతించిన గడువు లోపల ఉన్న రక్తంలో తాజాది ఎక్కిస్తే రోగులకి అదనపు మేలు కనపడలేదని ఇవన్నీ చెప్పాయి. ఈ ట్రయల్స్ వైద్యుల కోసం చేసినవే అయినా సప్లై చెయిన్‌కి కూడా ఇంతకంటే పెద్ద సాయం ఇంకోటి లేదు. పాతవి ముందు ఇవ్వొచ్చని వైద్యం వైపు నుంచి ధైర్యం వచ్చాకే ఆ నియమం మనస్ఫూర్తిగా అమలవుతుంది.

ఇక అందరూ అడిగే మెషీన్ లెర్నింగ్, అంటే పాత డేటా చూసి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతి, దగ్గరికి వద్దాం. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం రాబోయే మూడు రోజుల్లో ప్లేట్‌లెట్లు ఎన్ని కావాలో ముందే అంచనా వేసే నమూనా ప్రచురించింది. వారంలో ఏ రోజు, ఏ వార్డులో ఎంతమంది ఉన్నారు, వాళ్ల రక్తపరీక్షల్లో కౌంట్లు ఎలా ఉన్నాయి లాంటి వివరాలు తీసుకుంటుంది. పాత డేటా మీద నడిపి చూస్తే వృథా 10.5 శాతం నుంచి 3.2 శాతానికి తగ్గొచ్చని తేలింది. అది పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ కాదు, ఒక్కో అంశానికీ ఒక బరువు ఇచ్చి కూడే ఒక రకం లీనియర్ నమూనా. ఏ అంశం వల్ల అంకె పెరిగిందో మనిషి చూసి అర్థం చేసుకోగలడు, బ్లడ్ బ్యాంక్‌లో దానికి చాలా విలువ ఉంది.

అయితే డేటాలో ఒక మోసం దాగుంటుంది, దీని దగ్గర కాస్త నెమ్మదిగా నడవాలి. ఏ నెగెటివ్ రోగి వచ్చాడు, ఏ నెగెటివ్ లేదు, ఓ నెగెటివ్ ఇచ్చారు. ఎవరికైనా సరిపోతుంది కాబట్టి వైద్యపరంగా ఇబ్బంది లేదు. రికార్డులో మాత్రం ‘ఓ నెగెటివ్ 1 యూనిట్ ఇష్యూ’ అని పడుతుంది. అల్గారిదమ్ దాన్ని చూసి ఇక్కడ ఓ నెగెటివ్‌కి డిమాండ్ ఉందని నేర్చుకుంటుంది, వచ్చేవారం ఇంకో యూనిట్ ఎక్కువ ఆర్డర్ పెడుతుంది, ఏ నెగెటివ్ మళ్లీ తక్కువే వస్తుంది, మళ్లీ దాని బదులు ఓ నెగెటివ్ వెళ్తుంది. ఇలా తప్పు తనని తానే పెంచుకుంటుంది. దీని భారమంతా ఓ నెగెటివ్ దాతల మీద పడుతుంది, వాళ్లేమో ఎక్కడ చూసినా కొద్దిమందే, మరి ఓ నెగెటివ్ రోగికి ఎర్ర కణాలు ఎక్కించాలంటే ఇంకే గ్రూపూ పనికిరాదు. అలాగే రక్తం లేక వాయిదా పడిన ఆపరేషన్ ఇష్యూ రిజిస్టర్‌లో ఎక్కడా కనపడదు, యంత్రం దృష్టిలో ఆ రోజు డిమాండ్ సున్నా. కొరత ఎక్కువగా ఉన్న ఆసుపత్రికే డిమాండ్ తక్కువ అని లెక్కతేలి ఇంకా తక్కువ పంపుతారు. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అన్యాయం జరుగుతున్నా అంకెల్లో అంతా సవ్యంగానే కనపడుతుంది.

సేకరణ వైపు కూడా లెక్కలు తక్కువేమీ కావు. చాలా వ్యవస్థల్లో ప్లేట్‌లెట్లు తీయాలంటే రక్తం తీసిన 8 గంటల్లోపు ల్యాబ్‌కి చేరి ప్రాసెస్ అవ్వాలి, ఇంకో పద్ధతి వాడేచోట 24 గంటల దాకా ఆగొచ్చు. 8 గంటల నియమం ఉన్నచోట రాత్రికి ఒక్క వ్యాన్ అన్నీ మోసుకొస్తే, పొద్దున తీసిన సంచుల్లో ప్లేట్‌లెట్లు పోయినట్టే. కాబట్టి మధ్యాహ్నం ఒక బండి శిబిరాలు చుట్టి రావాలి. ఏ వరసలో చుట్టాలి? 10 శిబిరాలకే 36,28,800 వరసలు ఉన్నాయి. ఇక్కడ రూట్ ప్లానింగ్ అల్గారిదమ్‌లు బాగా పనిచేస్తాయి, నిమిషాల్లో దాదాపు ఉత్తమమైన దారి ఇచ్చేస్తాయి.

దాతలని పిలవడం కూడా ఈ లెక్కలో భాగమే అంటే కొందరికి నచ్చదు, కానీ 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికాలో జరిగింది చూడండి. జనం గంటల తరబడి క్యూలో నిలబడి రక్తం ఇచ్చారు. ప్రాణాలతో ఆసుపత్రికి చేరిన క్షతగాత్రులు తక్కువ కావడంతో దాడి బాధితుల కోసం వాడింది చాలా కొంచెం, మిగిలిన దానిలో పెద్ద మొత్తం 42 రోజులు దాటి పారేయాల్సి వచ్చింది. అక్కడ ఒకసారి ఇచ్చిన దాత మళ్లీ 56 రోజుల దాకా ఇవ్వకూడదు, అంటే అంతమంది ఒకేసారి ఆగిపోయారు. ఆ మంచి మనసులని ఆరు వారాల మీద పంచగలిగి ఉంటే ఎంత బాగుండేది! ఇవాళ చాలా సంస్థలు గ్రూపు వారీగా, నిల్వ చూసుకుని, ‘ఈ వారం మీ అవసరం ఉంది’ అని మెసేజ్ పెడుతున్నాయి. మంచి పని.

ఇన్ని లెక్కలూ కంప్యూటర్ల మీద ఆధారపడ్డాక అవి ఆగిపోతే ఏమవుతుందో 2024 జూన్‌లో లండన్‌లో చూశాం. అక్కడి కొన్ని పెద్ద ఆసుపత్రులకి ల్యాబ్ సేవలు ఇచ్చే సంస్థ మీద సైబర్ దాడి జరిగింది. రోగి రక్తాన్ని మామూలు వేగంతో మ్యాచ్ చేయలేక, అందరికీ సరిపోయే ఓ గ్రూపు రక్తాన్నే ఎక్కువగా వాడాల్సి వచ్చింది. జులైకల్లా దేశమంతా ఓ గ్రూపు దాతల కోసం విజ్ఞప్తి చేసే స్థితి వచ్చింది, అధికారులు అంబర్ అలర్ట్ (నిల్వలు బాగా తగ్గాయన్న హెచ్చరిక) ప్రకటించారు. సిస్టమ్ లేకుండా ఎన్ని రోజులు నడపగలం, కాగితం మీద మ్యాచింగ్ చేయడం ఎంతమందికి వచ్చు అన్నది కూడా నెట్‌వర్క్ డిజైన్‌లో రాసుకోవాల్సిన విషయమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనడంతో మొదలుపెట్టొద్దని నా సలహా. ముందు రిజిస్టర్‌లో మూడు గళ్లు పెంచండి: ఏ గ్రూపు అడిగారు, ఏ గ్రూపు ఇచ్చారు, ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేదు. ఆర్నెల్లు ఇది నిజాయితీగా నింపితే మీ అసలు డిమాండ్ బయటపడుతుంది. ఆ తర్వాత పక్కనున్న ఇంకో రెండు మూడు బ్లడ్ బ్యాంకులతో కూర్చుని, అరుదైన గ్రూపుల వరకైనా, 20 రోజులు దాటినవి ఎవరు ఎవరికి పంపాలో, బండి ఎవరిదో, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రికార్డు లేకుండా వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నవి రాసుకుని సంతకాలు పెట్టుకోండి. అల్గారిదమ్‌కి పని దొరికేది అప్పుడే.